నీలం మరక: గుంటూరు కోల్డ్ స్టోరేజ్‌లో ఒక నట్టు పగిలిన కేస్

మార్చి ఆఖరు వారం. గుంటూరు వాళ్ళకి చెప్పక్కర్లేదు, ఆ టైంలో మిర్చి యార్డు నుంచి కోల్డ్ స్టోరేజీల దాకా టిక్కీల, అంటే మిర్చి బస్తాల, లారీలే లారీలు, ఏటుకూరు రోడ్డు పక్కన రెండు నిమిషాలు నిలబడితే చాలు తుమ్ములు మొదలవుతాయి. అట్టాంటి సీజన్ పీక్‌లో రాత్రి పదకొండింటికి ఒక ప్లాంట్ ఆపరేటర్ ఫోన్ చేశాడు. "సార్, ఇంజన్ రూంలో వాసన వస్తంది, కాసేపు వస్తంది, కాసేపు పోతంది, మొన్నటి నుంచీ ఇట్టానే ఉంది" అన్నాడు. మొన్నటి నుంచా, మరి ఇప్పుడా చెప్పేది అని అడగబోయి ఆగా. ఆ టైంలో అడిగే ప్రశ్న కాదది. ఫ్యాన్లు అన్నీ ఆన్ చెయ్, తలుపులు తెరువ్, ఎవర్నీ లోపల పడుకోనివ్వొద్దు, నేను వస్తన్నా అని చెప్పి బయల్దేరా.

నేను బీఎస్సీ కెమిస్ట్రీ చదివి, కోల్డ్ స్టోరేజీలని చల్లబరిచే అమ్మోనియా ప్లాంట్ల మెయింటెనెన్స్‌లోకి వచ్చినవాణ్ణి, 22 ఏళ్ళయింది. కాలేజీలో బాండింగ్ చాప్టర్ పరీక్ష కోసం చదివాం, ఆ తర్వాత అది పనికొచ్చేది ఏముందిలే అనుకునే వాళ్ళు చాలామంది ఉంటారు. నా వరకు ఈ పనిలో రోజూ ముట్టుకునేది ఆ చాప్టరే. ఈ కేసు రాయడానికి కారణం కూడా అదే.

ప్లాంట్ మామూలుదే. నాలుగు చాంబర్లు, రెండు రెసిప్రొకేటింగ్ కంప్రెసర్లు, పక్కనే నీళ్ళు ధార కట్టి అమ్మోనియా ఆవిరిని ద్రవం చేసే అట్మాస్ఫెరిక్ కండెన్సర్, దానివల్ల ఇంజన్ రూం ఎప్పుడూ తేమగా ఉంటది. ఈ తేమ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత పని ఉంది. చాంబర్లలో 5 డిగ్రీల దగ్గర టిక్కీలు పెడతారు, రంగు పోకుండా, ఘాటు పోకుండా.

వెళ్ళగానే సల్ఫర్ వత్తి వెలిగించా. పాత పద్ధతే, ఇప్పటికీ మా వాళ్ళందరూ వాడేది. గంధకం కాలితే వచ్చే గ్యాసు గాల్లో తేమతో కలిసి యాసిడ్ అవుతది, అమ్మోనియా తగిలితే తెల్లటి పొగ. లీకు ఎక్కడుంటే అక్కడ పొగ చిక్కగా లేస్తది. కంప్రెసర్ షాఫ్ట్ సీల్ దగ్గర తిప్పా, లేదు. వాల్వుల గ్లాండుల దగ్గర, అంటే వాల్వ్ కాడ చుట్టూ గ్యాసు కారకుండా ప్యాకింగ్ నొక్కి పెట్టే చోట, తిప్పుకుంటా వచ్చా. కంప్రెసర్ నుంచి బయటికొచ్చే గ్యాసు ఒత్తిడి చూపించే హెడ్ ప్రెషర్ గేజ్ కింద, దాన్ని లైన్ నుంచి విడిగా మూసే చిన్న ఐసొలేషన్ వాల్వ్ గ్లాండ్ దగ్గర సన్నగా పొగ, దాని పైన అడాప్టర్ నట్టు దగ్గరికి రాగానే పొగ దారం లాగా నిలువుగా లేచింది.

టార్చ్ వేసి చూస్తే నట్టు తెల్లగా స్టీల్ లాగే మెరుస్తంది. కానీ దాని కింద అంచు చుట్టూ, చూపుడు వేలు గోరంత మేర, నీలం. మామూలు నీలం కాదు, ఇంకు బుడ్డి వలికినట్టు చిక్కటి నీలం, తడిగా. అక్కణ్ణుంచి పైపు మీదకి కారి, కారిన చోట ఆరిపోయి లేత ఆకుపచ్చ-నీలంగా పొడి కట్టింది. ఆ నీలం చూడగానే సంగతి అర్థమైపోయింది. స్టీల్ నట్టుకి నీలం రాదు. రాగి ఉంటేనే వస్తది.

"ఇది ఎప్పుడు మార్చారు బాబాయ్?" అని ఫిట్టర్ని అడిగా. ఆయన నాకంటే పెద్దవాడు, ఈ లైన్లో నాకంటే ముందు నుంచి ఉన్నాడు. పందొమ్మిది రోజుల కింద గేజ్ ముల్లు ఇరుక్కుపోతే రాత్రికి రాత్రి కొత్త గేజ్ వేశారంట, గేజ్ అమ్మోనియాదే, కరెక్టుదే, కానీ థ్రెడ్ సైజు కలవక మధ్యలో బజార్లో దొరికిన అడాప్టర్ నట్టు పెట్టారు. "ఇత్తడి పెట్టకూడదని నాకు తెలీదా అబ్బాయ్, స్టీలే కదా అది" అన్నాడు బాధగా. నిజంగానే ఆయనకి తెలుసు. అది స్టీల్ కాదు, ఇత్తడి, అంటే రాగి, జింక్ కలిసిన లోహం, దాని మీద నికెల్ పూత. మన ఇళ్ళల్లో ఇత్తడి గిన్నెకి కళాయి పోస్తే లోపల తెల్లగా ఎట్టా ఉంటదో అట్టా. కళ్ళతో చూసి ఎవరైనా మోసపోయేదే.

ఐసొలేషన్ వాల్వ్ మూశాం, అటు వైపు కంప్రెసర్ ఆపాం, గాగుల్స్, గ్లోవ్స్, మాస్క్, తడి తువ్వాలు, పక్కన నీళ్ళ పైపు వదిలి పెట్టుకుని నట్టుకి స్పానర్ పెట్టాం. పావు తిప్పు కూడా తిరగలా. టప్ మని రెండు ముక్కలయింది. గేజ్‌లో ఇరుక్కున్న కొద్దిపాటి గ్యాసు బుస్సుమని వచ్చింది, నీళ్ళ పైపు దాని మీద తిప్పాం, పది సెకన్లలో పోయింది. అటు వైపు లైన్‌లో ఎండాకాలం ప్రెషర్ చదరపు సెంటీమీటరుకి 13 కేజీల పైన ఉంటది. వాల్వ్ తెరిచి ఉన్నప్పుడు, పక్కన మనిషి ఉన్నప్పుడు పగిలుంటే ఏమయ్యేదో నేను రాయక్కర్లేదు.

స్టీల్ అడాప్టర్, స్టీల్ నట్టు వేసి, గ్లాండ్ ప్యాకింగ్ మార్చి, తెల్లారి నాలుగింటికి ప్లాంట్ మళ్ళీ లైన్లో పెట్టాం. రిపేర్ అంతే, దాని గురించి చెప్పడానికి ఇంకేం లేదు. అసలు విషయం ఆ రెండు ముక్కల్లో ఉంది.

పొద్దున టీ తాగుతా ఆ ముక్కల్ని అందరం తిప్పి తిప్పి చూశాం. ఇత్తడి మెత్తటి లోహం, పగిలే ముందు వంగాలి, సాగాలి, నలగాలి. ఈ ముక్కలు వంగలా. సన్నబడలా. బిస్కెట్ విరిచినట్టు సూటిగా విరిగాయి, పగులు బయట వైపు నుంచి లోపలికి పోయింది, బయట అంచు ముదురు రంగు పట్టి పాత పగులని తెలుస్తంది, లోపలి అంచు మాత్రం కొత్త ఇత్తడి లాగా పసుపుపచ్చగా మెరుస్తంది, అంటే ఆ కొంచెమే రాత్రి మా స్పానర్‌కి విరిగింది, మిగతాదంతా ముందే పోయింది.

ఎందుకు ఇట్టా అయింది అంటే అమ్మోనియా బొమ్మ ఒకసారి గుర్తుతెచ్చుకోవాలి. మధ్యలో నైట్రోజన్, దానికి మూడు హైడ్రోజన్లు కోవలెంట్ బాండ్లతో, అంటే ఎలక్ట్రాన్లు చెరొకటి వేసుకుని జంటగా పంచుకుని, పట్టుకుని ఉంటాయి. నైట్రోజన్‌కి బయట అయిదు ఎలక్ట్రాన్లు, మూడు పంచుకోగా రెండు మిగిలాయి. ఆ మిగిలిన జంటే లోన్ పెయిర్. ముక్కాలిపీట తిరగేస్తే కాళ్ళు మూడు ఒక వైపు, పలక రెండో వైపు ఉన్నట్టు, మూడు హైడ్రోజన్లు ఒక వైపు, ఆ జంట రెండో వైపు. బాండ్ల మధ్య కోణం 107 డిగ్రీలు. అమ్మోనియా చేసే మంచీ చెడూ సగానికి పైగా ఆ జంట దగ్గరే పుడతది.

రాగి అయాన్‌కి ఎలక్ట్రాన్ల కొరత, అమ్మోనియా దగ్గర ఇవ్వడానికి ఒక జంట సిద్ధంగా ఉంది. జంట మొత్తం ఒక వైపు నుంచే ఇచ్చేసి పట్టుకుంటది, దీన్నే కోఆర్డినేట్ బాండ్ అంటారు. ఒక రాగి అయాన్ చుట్టూ నాలుగు అమ్మోనియాలు చేరతాయి, ఆ గుంపు రంగే ఆ చిక్కటి నీలం. ఇట్టాంటి గుంపుల లెక్కకి దారి వేసింది ఆల్ఫ్రెడ్ వెర్నర్ అనే కెమిస్ట్, 1893లో, దానికే 1913లో నోబెల్ ఇచ్చారు. అయితే రాగి లోహంగా ఉన్నంతసేపు అయాన్ కాదు కదా, ముందు దాన్ని అయాన్ చేయడానికి ఆక్సిజన్ కావాలి, తడి కావాలి. మామూలుగా గాల్లో రాగి మీద సన్నటి ఆక్సైడ్ పొర పడి అదే కింద లోహాన్ని కాపాడతది. అమ్మోనియా ఉంటే ఆ పొర నిలవదు, ఏర్పడిన రాగి అయాన్ని ఏర్పడినట్టే పట్టుకుని నీళ్ళలోకి లాక్కుపోతది, కింద మళ్ళీ కొత్త లోహం బయటపడతది, మళ్ళీ ఆక్సిజన్, మళ్ళీ లాక్కుపోవడం. ఇత్తడిలో జింక్ కూడా ఇట్టానే పోతది, కాకపోతే దాని గుంపుకి రంగు లేదు కాబట్టి కంటికి కనపడదు. ఇప్పుడు ఆ ఇంజన్ రూం తేమ గుర్తుతెచ్చుకోండి. పైపు లోపల గాలి లేదు, తేమ పెద్దగా లేదు, అక్కడ దాడి తక్కువ. గ్లాండ్ నుంచి సన్నగా కారిన అమ్మోనియా, కండెన్సర్ నీళ్ళ చెమ్మ, గాలి, ఈ మూడూ కలిసింది నట్టు బయట. అందుకే పగులు బయట నుంచి మొదలైంది. నికెల్ పూత ఉంది కదా అంటే, స్పానర్ కొరికిన చోట, థ్రెడ్ అంచున పూత లేచిపోయి ఉంది, మొదలవడానికి ఆ గీత చాలు.

సరే, కరిగితే నట్టు మొత్తం పల్చబడాలి కదా, పగలడం ఏంటి అని ఆపరేటర్ కుర్రాడు అడిగాడు. మంచి ప్రశ్న. లోహంలో బాండ్ అంటే పరమాణువులన్నీ తమ బయటి ఎలక్ట్రాన్లని ఉమ్మడి ఆస్తి లాగా వదిలేస్తాయి, ఆ ఉమ్మడి ఎలక్ట్రాన్ల మధ్య లోహపు వరసలు ఒకదాని మీద ఒకటి జారినా పట్టు పోదు. ఇత్తడిని సుత్తితో కొడితే చెంబు అవుతది గానీ చితికిపోదు, ఇదే కారణం. ఉప్పు గల్లు కొడితే పొడి అవుతది, ఎందుకంటే అక్కడ ప్లస్ మైనస్ అయాన్లు వరసగా ఉంటాయి, ఒక్క మెట్టు జారితే ప్లస్ ఎదురుగా ప్లస్ వచ్చి నెట్టుకుంటాయి. కానీ ఇత్తడి అంతా ఒకే వరస కాదు, చిన్న చిన్న రేణువుల కలయిక. రేణువుకీ రేణువుకీ మధ్య హద్దులో పరమాణువుల అమరిక సరిగ్గా కుదరదు, పట్టు కొంచెం బలహీనం. పైగా నట్టుని బిగించి బిగించి పెట్టారు, అంటే అది ఎప్పుడూ సాగే ఒత్తిడిలోనే ఉంది. అమ్మోనియా ఆ హద్దు వెంబడే తింటా పోతది, ఒత్తిడి ఆ చీలికని తెరుస్తది, తెరిచిన చోట మళ్ళీ కొత్త లోహం. బయట నుంచి చూస్తే నట్టు నట్టు లాగే ఉంటది.

ఇది కొత్త జబ్బు కాదు. ఇంగ్లీషు వాళ్ళ టైంలో మన దేశంలోనే దీన్ని బాగా గమనించారు. సైన్యం తూటాల ఇత్తడి తొడుగులు వానాకాలంలో గుర్రపు సాలల్లో దాచి పెడితే వాటంతట అవే పగిలేవి. వానల సీజన్‌లో వచ్చే పగుళ్ళు కాబట్టి సీజన్ క్రాకింగ్ అని పేరు పెట్టారు. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా, వాన తేమ, తొడుగు తయారీలో మిగిలిపోయిన ఒత్తిడి, ఈ మూడూ కలిసి చేసిన పని అని 1921లో గానీ వివరం తేలలేదు. తయారీ తర్వాత తొడుగుని కొంచెం వేడి చేసి లోపలి ఒత్తిడి తీసేస్తే పగుళ్ళు ఆగాయి. గుర్రపు సాల స్థానంలో మా ఇంజన్ రూం, తూటా స్థానంలో ఈ నట్టు. నాకైతే ఆ ముక్కల్ని చేతిలో పెట్టుకుంటే అదే అనిపించింది.

అప్పుడు ఆపరేటర్ కుర్రాడు తల దించుకుని ఒక మాట చెప్పాడు, ఈ కేసు మొత్తంలో నన్ను బాగా కదిలించింది ఆ మాటే. వారం కిందటే ఆ మరక చూశాడంట. "చిలుము పట్టిందిలే అనుకుని గుడ్డ పెట్టి తుడిచేశా సార్. రెండు రోజులకి మళ్ళీ వచ్చింది, మళ్ళీ తుడిచా." వాడి తప్పు ఏమీ లేదు. ఇంట్లో ఇత్తడి బిందెకి చిలుము పడితే చింతపండుతో తోమడం మనకి పుట్టినప్పటి నుంచీ తెలిసిందే, వాడు ప్లాంట్‌ని శుభ్రంగా పెట్టుకున్నాడు. అమ్మోనియాకి ఇత్తడి వద్దు అని వాడికి చెప్పారు, ఎందుకు వద్దో ఎవరూ చెప్పలా, నాతో సహా. ఎందుకు అనేది తెలిసుంటే ఆ నీలం వాడికి మురికి లాగా కనపడేది కాదు, లోహం కరిగి కారిపోతన్నట్టు కనపడేది.

ఆ రోజు సాయంత్రమే కూర్చోబెట్టి చూపించా. మైలుతుత్తం, అంటే కాపర్ సల్ఫేట్, తెప్పించా, తెగుళ్ళకి కొట్టే బోర్డో మిశ్రమం కోసం రైతులు కొనేదే. చిన్న పలుకు పాత చెంచాలో వేసి వేడి చేస్తే నీలం పోయి తెల్ల పొడి అయింది. చల్లారాక ఒక్క నీటి చుక్క వేస్తే మళ్ళీ నీలం. రాగి చుట్టూ చేరింది నీళ్ళయితే ఈ లేత నీలం, నీళ్ళు పోతే రంగే లేదు, ఉన్నది అదే రాగి, మారింది చుట్టూ పట్టుకున్నది. తర్వాత గాజు గ్లాసులో తుత్తం నీళ్ళు కలిపి, అందులో అమ్మోనియా నీళ్ళు చుక్క చుక్క వేశా. మొదట పెరుగు విరిగినట్టు లేత నీలం ముద్ద. ఇంకొన్ని చుక్కలు వేస్తే ముద్ద కరిగిపోయి గ్లాసంతా ఒక్కసారిగా ఇంకు నీలం. ఫిట్టర్ బాబాయ్ ముందుకి వంగి "అదే రంగు, నట్టు కింద ఉన్నది అదే" అన్నాడు. చెంచా, గ్లాసు అక్కడే విరగ్గొట్టి పాతేయించా, తుత్తం విషం, పొరపాటున ఎవరూ టీ తాగకూడదు.

ఇంకో డబ్బాలో అడుగున అమ్మోనియా నీళ్ళు పోసి, పైన మూడు వేలాడదీశాం: ఇత్తడి పట్టీ ఒకటి సాదాగా, ఒకటి బాగా వంచి తీగతో కట్టి, మూడోది స్టీల్ నట్టు. మూత పెట్టేశాం. మూడో రోజు తెరిస్తే వంచిన పట్టీ వంపు దగ్గర చిట్లింది, సాదా పట్టీ మచ్చలు పడింది గానీ నిలిచింది, స్టీల్ నట్టు పెట్టినట్టే ఉంది. ఇనుము అయాన్ నీళ్ళలో అమ్మోనియాని అట్టా గట్టిగా పట్టుకోదు, దాని పైపొర దాని మీదే నిలుస్తది, అందుకే అమ్మోనియా లైన్ అంతా స్టీల్.

"ఇంత డేంజర్ అయితే దీన్ని ఎందుకు వాడటం సార్?" అన్నాడు కుర్రాడు. సమాధానం కూడా ఆ జంట దగ్గరే ఉంది. నైట్రోజన్ ఎలక్ట్రాన్లని బాగా లాక్కుంటది, ఆ లాగే బలాన్ని కొలిచే పౌలింగ్ స్కేల్ మీద నైట్రోజన్ 3.04, హైడ్రోజన్ 2.20. దాంతో హైడ్రోజన్ కాస్త ప్లస్ అయి పక్క అమ్మోనియా లోన్ పెయిర్ వైపు వాలతది, అదే హైడ్రోజన్ బాండ్. నైట్రోజన్ కింద గడిలో ఉండే ఫాస్ఫరస్‌ది దాదాపు హైడ్రోజన్ అంతే, 2.19, కాబట్టి ఫాస్ఫరస్‌కి మూడు హైడ్రోజన్లు ఉండే ఫాస్ఫీన్‌లో ఆ వాలడం లేదు. ఫాస్ఫీన్ బరువెక్కువ అయినా మైనస్ 88 డిగ్రీల దగ్గరే మరిగిపోతది, అమ్మోనియా మైనస్ 33 దాకా ఆగుతది. కిలో అమ్మోనియా ఆ దగ్గర ఆవిరి కావాలంటే దాదాపు 1370 కిలోజౌల్స్ వేడి తాగాలి, చల్లబరచడానికే వాడే పాత గ్యాసు ఫ్రియాన్ ఆర్-22 అయితే 234 దగ్గరే. ఆ తాగే వేడి ఎక్కడిది? చాంబర్లో టిక్కీలదే. అంటే పక్కపక్క అణువుల చేతులు విడిపించడానికి మన మిర్చి వేడి ఖర్చవుతది, మిర్చి చల్లబడతది. లోపలి నైట్రోజన్-హైడ్రోజన్ కోవలెంట్ బాండ్ మాత్రం ఈ వేడికి కదలదు, అది తెగాలంటే మోల్‌కి 390 కిలోజౌల్స్ దాకా కావాలి, ఆవిరి కావడానికి 23 చాలు. అందుకే అదే అమ్మోనియా ఏళ్ళ తరబడి ద్రవం అవుతా, ఆవిరవుతా తిరుగుతానే ఉంటది, అరిగిపోదు.

ఇక్కడే ఇంకో సంగతి, హమాలీలకి తప్పకుండా చెప్పాల్సింది. కోల్డ్ స్టోరేజ్‌లో మంటలు రెండు రకాలు. అమ్మోనియా మంట, మిర్చి మంట. అమ్మోనియాకి నీళ్ళంటే ప్రాణం, హైడ్రోజన్ బాండ్లతో నీళ్ళు దాన్ని గబగబా లాగేసుకుంటాయి, 20 డిగ్రీల దగ్గర లీటరు నీళ్ళలో అరకిలో పైగా కరుగుతది. కన్ను తడి కాబట్టే ముందు కన్నే మండుతది, అదే కారణంతో కంటికి మందు కూడా నీళ్ళే, కనీసం 15 నిమిషాలు ఆపకుండా కడగాలి, ఆ వెంటనే డాక్టర్ దగ్గరికి. మిర్చిలో మంట పుట్టించే కాప్సైసిన్‌కి పొడుగాటి నూనె లాంటి తోక ఉంటది, నీళ్ళు దాన్ని పట్టించుకోవు, చేతులు ఎంత కడిగినా మంట పోదు. దానికి ముందు నూనె రాసి తుడిచి, తర్వాత సబ్బు. ఈ రెంటినీ తారుమారు చేయొద్దు. అమ్మోనియా పడ్డ చర్మానికి నూనె రాసిన వాళ్ళని నేను కళ్ళారా చూశా, గాయం ఇంకా పెద్దదయింది.

మరుసటి వారం ఆ ప్లాంట్‌లో ప్రతి ఫిట్టింగ్ దగ్గరికీ అయస్కాంతం పట్టుకుని తిరిగాం. గట్టిగా అంటుకుంటే సరే. అంటుకోకపోతే అది ఇత్తడి కావచ్చు, లేదా కొన్ని రకాల స్టెయిన్‌లెస్ స్టీల్ కూడా అంటుకోదు, కాబట్టి కనపడని చోట ఆకురాయితో చిన్న గీత గీస్తాం, పసుపుపచ్చగా బయటపడితే పీకేయడమే. బిగించిన లైన్ మీద గీకడం కాదు, స్టోర్‌లో ఉన్న స్పేర్లన్నిటికీ ముందే చేసి పక్కన పెట్టాం. ఇంకో రెండు దొరికాయి, ఒకటి ఆయిల్ డ్రెయిన్ దగ్గర చిన్న కాక్, ఒకటి స్టోర్‌లోనే. ఓనర్ గారు సీజన్‌లో ఖర్చు అని కొంచెం నసిగారు, ఆయన టేబుల్ మీద ఆ రెండు ముక్కలు పెట్టా, ఇంకేం మాట్లాడకుండా స్టీల్ స్పేర్లకి డబ్బులిచ్చారు. విజయవాడ ఆటోనగర్‌లో థ్రెడ్ సైజులు కొలిచి అడాప్టర్లు స్టీల్‌లో తిప్పించాం, రెండు సెట్లు ప్లాంట్‌లోనే ఉంచాం, అర్ధరాత్రి మళ్ళీ ఎవరూ బజారు మీద పడకుండా.

వానలు పడ్డాక, జూలైలో, అదే కుర్రాడు వేరే ప్లాంట్ నుంచి ఫోన్ చేశాడు, అక్కడికి రిలీవర్‌గా వెళ్ళాడంట. "సార్, గేజ్ లైన్ ఇన్సులేషన్ కింద నీలం కనపడింది. తుడవలా. వాల్వ్ మూసేసి మనుషుల్ని బయటికి పంపించా." వెళ్ళి తొక్క ఊడదీసి చూస్తే లోపల ఇత్తడి మోచేయి, వంపు మీద వెంట్రుక పగులు. ఆ సాయంత్రమే మార్చాం.